ఎడమ కన్ను మూసుకోని రోజులు

ఇది రాయడానికి కూర్చునే ముందు గ్లాసెడు నీళ్లు తాగాను. ఒక్క చుక్క కూడా గడ్డం మీదికి కారలేదు. మీకిది విచిత్రంగా అనిపించవచ్చు. దాదాపు రెండు నెలలు నేను నీళ్లు తాగాలంటే తలుపు దగ్గరికి వేసుకునేదాన్ని. ఎవరూ చూడకూడదని.

మాది గోదావరిఖని. బాపు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. చిన్నప్పటి నుంచి ఒంట్లో ఏది బాగాలేకపోయినా కంపెనీ దవాఖానకే పోయేవాళ్లం. బాపు పేరు మీదున్న మెడికల్ పుస్తకం చూపిస్తే చాలు. అమ్మ పక్కన ఉండేది. సూది వేసే సిస్టరమ్మ మా వెనక క్వార్టర్ల లైన్లో ఉండేది. అందుకే ఎమ్మెస్సీ బాటనీలో నాకు వరంగల్‌లో సీటు వచ్చినప్పుడు మేం గది గురించి మాట్లాడుకున్నాం, బస్సుల గురించి మాట్లాడుకున్నాం, అన్నం ఎట్లా అని మాట్లాడుకున్నాం. జబ్బు చేస్తే ఎక్కడికి పోవాలి అన్న మాట మాత్రం ఎవరికీ తట్టలేదు. ఇరవై ఒక్కేళ్ల పిల్లకు జ్వరం కంటే పెద్దది ఏమొస్తుంది?

కాశిబుగ్గలో ఒక ఇంటి మీద గది దొరికింది. కింద సరోజన అనే ఆమె, వాళ్లాయన జంపఖానాలు నేస్తారు. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. గదిలో నాతో ఉన్న అమ్మాయికి హాస్టల్‌లో సీటు రావడంతో మొదటి నెలలోనే వెళ్లిపోయింది. అట్లా ఒక్కదాన్నే మిగిలాను. వచ్చి రెండు నెలలైంది. చలి మొదలైంది.

ఆ శుక్రవారం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. సాయంత్రానికి ఎడమ చెవి వెనక నొప్పి. చల్లగాలి కొట్టింది కదా అనుకుని చున్నీ చెవులకు చుట్టుకుని పడుకున్నాను.

శనివారం పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తే నీళ్లు నేను ఉమ్మకముందే ఎడమ పక్క నుంచి కారిపోయాయి. ఇంకోసారి పోసుకున్నాను. మళ్లీ అంతే. అద్దంలో చూసుకుంటే మొదట ఏమీ తేడా కనిపించలేదు. నవ్వి చూద్దామని నవ్వాను. కుడివైపు నవ్వింది. ఎడమవైపు ఏ సంబంధమూ లేనట్టు ఊరుకుంది. మూతి మొత్తం కుడికి గుంజుకుపోయింది. కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఎడమ కన్ను మూసుకోలేదు. ఫోన్‌లో ఫొటో తీసి చూస్తే, గుడ్డు పైకి తిరిగి, తెరిచిన రెప్ప కింద నుంచి తెల్లగా నన్ను చూస్తోంది.

 అక్కడే బాత్రూం గచ్చు మీద కూలబడ్డాను.

మా కాలనీలో ఒకాయనకు పక్షవాతం వచ్చింది. ఐదేళ్లు నులకమంచం మీద ఉన్నాడు. వాళ్ల భార్య చెంచాతో జావ పోస్తే సగం మెడ మీదికి కారేది. నాకు గుర్తొచ్చింది ఆయనే. ఎడమ చెయ్యి ఎత్తి చూశాను, లేచింది. ఎడమ కాలు కదిపాను, కదిలింది. ఇప్పుడు ముఖం, ఇంకో గంటలో చెయ్యి, సాయంత్రానికి కాలు అనుకున్నాను. ఆ రోజంతా పావుగంటకోసారి చెయ్యి ఎత్తి చూసుకుంటూనే ఉన్నాను.

అమ్మకు ఫోన్ చేశాను. ఎత్తగానే "అమ్మా" అనబోయాను. మాట రాలేదు. గాలి వచ్చింది. ప, ఫ, బ, భ, మ. రెండు పెదవులు కలిస్తేనే పలికే అక్షరాలు. ఒకటో తరగతిలో దిద్దిన ఆ ఐదూ నా నోట్లోంచి పోయాయి. "ఎవరూ? రవళీ? సిగ్నల్ లేదానే?" అని అమ్మ అరుస్తుంటే ఫోన్ పెట్టేశాను. "క్లాసులో ఉన్న" అని మెసేజ్ పెట్టాను.

ఇక్కడే నేను తప్పు చేశాను. చున్నీ ముఖానికి చుట్టుకుని సందు చివర ఉండే ఆర్.ఎం.పి. దగ్గరికి పోయాను. నాకు తెలిసిన ఒకే ఒక్క డాక్టర్ బోర్డు అది. ఆయన నా ముఖం చూసి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"ఈ వయసుల గిట్లయిందేందమ్మా? పక్షవాతం లెక్కనే ఉన్నది. హైదరాబాద్ తీస్కపోవాలె. ఇంట్ల పెద్దోళ్లెవరన్న ఉన్నరా?"

లేరన్నాను. బలానికని ఒక సూది వేశాడు. గదికి వచ్చి దుప్పటి కప్పుకున్నాను. ఆ రోజంతా ఎవరికీ చెప్పలేదు. హైదరాబాద్‌కు నేను ఎట్లా పోతాను, బాపుకు ఏమని చెప్తాను, చెప్పకముందే నాకేమన్నా అయితే ఈ తలుపు ఎవరు తీస్తారు, ఇవే ఆలోచనలు. కింద మగ్గం చప్పుడు మామూలుగా నాకు వినపడేది కూడా కాదు. ఆ రోజు ఒక్కో దెబ్బ ఎడమ చెవిలో సుత్తితో కొట్టినట్టుంది. దిండు చెవికి అదిమి పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున పెద్దమ్మ బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికొచ్చింది. నా తలుపు వేసి ఉండటం చూసి తట్టింది. తీయక తప్పలేదు.

"ముఖానికేందే గా చున్నీ?" అంటూ తనే లాగేసింది.  చేతిలో తడిబట్ట అట్లాగే ఉంది.

"ఎన్నటి సంది?"

"నిన్నటి సంది."

"నిన్నటి సందా! నిన్న నేను కిందనే ఉన్న గదనే. ఒక్క కేకెయ్యకపోతివి." తిట్టింది. తిడుతూనే నా చెప్పులు వెతికి కాళ్ల దగ్గర పెట్టింది. "నడువు. ఇయ్యాల ఐతారం, ఓపీ ఉండది. ఎమర్జెన్సీ ఉంటది. పెద్ద దవాఖాన్ల పొద్దుమాపు ఎవలో ఒగలు డాక్టర్ ఉంటరు. జర మంచినీళ్ల సీస పట్టు."

అంత పెద్ద దవాఖాన మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. నేను రోజూ బస్సులో దాని ముందు నుంచే కాలేజీకి పోయేదాన్ని. అది నాలాంటి వాళ్ల కోసం అని నాకెప్పుడూ అనిపించలేదు. యాక్సిడెంట్లయిన వాళ్లకు, పల్లెల నుంచి వచ్చే వాళ్లకు అనుకునేదాన్ని.

లోపల బల్ల మీద కూర్చున్నాం. ఎదురుగా ఒక ముసలాయనను స్ట్రెచర్ మీద తెచ్చారు. ఆయన మూతి కూడా ఒక పక్కకు పోయి ఉంది. చెయ్యి బయటికి వేలాడుతోంది. ఆయన కొడుకు "నాయినా, నాయినా" అని పిలుస్తూ పక్కన ఉరుకుతున్నాడు. నేను పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను. చెప్పొద్దూ, గోళ్లు దిగేట్టు పట్టుకున్నాను. నా చెయ్యి కూడా అట్లా వేలాడుతుంది ఇంకాసేపట్లో అని నాకు నిజంగానే అనిపించింది.

నా పక్కన ఎవరో పెద్దామె కొబ్బరిబోండం తాగుతోంది. నేను సీసా ఎత్తితే నీళ్లు మెడ మీదికి కారడం చూసింది.  తన సంచీలోంచి కాగితం కూడా విప్పని స్ట్రా ఒకటి తీసి ఇచ్చింది. "కుడి పక్కకు పెట్టుకొని గుంజు బిడ్డా," అంది. రోజున్నర తర్వాత నేను సరిగ్గా నీళ్లు తాగింది అప్పుడే. ఆమె పేరు అడగలేదు. తర్వాత చాలాసార్లు అడిగితే బాగుండేదనుకున్నాను.

డ్యూటీలో ఉన్న డాక్టర్ నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. నిద్ర లేని కళ్లు. చేతులు ఎత్తమంది, నడవమంది, తన వేళ్లు గట్టిగా పట్టుకోమంది. తర్వాత, "కనుబొమ్మలు పైకెత్తు. ఆశ్చర్యపోయినట్టు," అంది.

ఎత్తాను. కుడి కనుబొమ్మ లేచింది. ఎడమది లేవలేదు. ఇంకా ఘోరం అనుకున్నాను. కానీ డాక్టర్ భుజాలు కాస్త దిగాయి. మొదటిసారి నవ్వింది.

"నుదురు కూడా కదలట్లేదు. అది మంచిదే. మెదడులో వచ్చే పక్షవాతమైతే మామూలుగా నుదురు కదులుతుంది. నీది ముఖానికి వచ్చే నరం వాపు. చాలామందికి తగ్గిపోతుంది. ఎప్పుడు మొదలైంది?"

"నిన్న తెల్లారంగ."

"నిన్ననే రావాల్సింది. మూడు రోజుల లోపల మందు మొదలుపెడితేనే మంచిది. ఇవ్వాళే మొదలుపెడదాం. మధ్యలో ఆపొద్దు. అన్నిటికంటే ముందు కన్ను జాగ్రత్త. మూసుకోని కన్ను ఎండిపోతే పుండు పడుతుంది."

మాత్రలు, కంట్లో చుక్కలు, పడుకునేటప్పుడు రెప్ప మీద అంటించుకోవడానికి పట్టీ ఇచ్చారు. రేపు ఓపీలో చూపించుకోమన్నారు. బయటికొచ్చాక పెద్దమ్మ, "ఇన్నవా, పక్షవాతం కాదట," అంది. తలూపాను. నమ్మలేదు. "చాలామందికి" అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. చాలామందికి అంటే అందరికీ కాదు కదా. దారిలో ఆటోలోంచే పెద్దమ్మ నా ఫోన్ తీసుకుని బాపుకు చెప్పేసింది.

సోమవారం పెద్దమ్మకు నేసిన సరుకు అప్పజెప్పే పని పడింది. ఒక్కదాన్నే పోయాను. పొడుగ్గా ఉన్న లైను చూసి నిలబడ్డాను. గంటకు పైగా నిలబడి కిటికీ దగ్గరికి వెళితే లోపలాయన "చీటీ ఏదమ్మా?" అన్నాడు. అది మందులిచ్చే లైను. చీటీలు రాసేది ఇంకో పక్కన. ఎవరినీ అడగకుండా నిలబడినందుకు ఎవరిని తప్పు పట్టను? నోరు తెరిచి అడగడానికే కదా నా భయం.

చీటీ లైన్లో నా వంతు వచ్చింది. పేరు చెప్పాను. రెండుసార్లకు అర్థం చేసుకున్నాడు. "తండ్రి పేరు?"

బాపు పేరు భూమయ్య. నా నోట్లో "హూ... అయ్య" అని వచ్చింది. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే వచ్చింది. వెనక ఎవరో ఇద్దరు కిసుక్కుమన్నారు. కంట్లో నీళ్లు తిరిగాయి. ఎడమ కంట్లోవి ఆగలేదు, రెప్ప పడదు కదా ఆపడానికి. అప్పుడు నా వెనకున్న ఆమె పెన్ను అందించి, "రాసియ్యి బిడ్డా. ఆయన సదువుకుంటడు," అంది. అరచేతిలో బాపు పేరు రాసి కిటికీ దగ్గర పెట్టాను.

ఓపీలో చూసి అవే మాత్రలు వాడమన్నారు, ఫిజియోథెరపీ గది చూపించారు. మధ్యాహ్నం గదికి వచ్చేసరికి మెట్ల మీద అమ్మ, మేనమామ మల్లేశం కూర్చుని ఉన్నారు. ఇన్నాళ్లలో నేను ఎక్కువ భయపడింది ఎప్పుడు అని అడిగితే, అద్దంలో చూసుకున్నప్పుడు కాదు, స్ట్రెచర్ చూసినప్పుడు కాదు. అమ్మ నన్ను చూసినప్పుడు ఆమె ముఖం చూసి భయపడ్డాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా గడ్డం పట్టుకుని మూతిని ఎడమవైపుకు, యథాస్థానానికి, వేళ్లతో జరపడానికి చూసింది.

"సాయంత్రం బండికి పోదాం," అన్నాడు మామ. "మా ఊరి పక్కన ఒకాయన పసరు పోస్తడు. పావురం నెత్తురు రాస్తడు. మూతి వంకరవోయినోళ్లు ఎంతమంది మంచిగైండ్రో. ఇంగ్లీషు మందులైతే ఆపాలె. రెండు కలవొద్దు."

"గోళీలు అన్ని అయ్యేదాక తినాలన్నది డాక్టర్."

"డాక్టర్‌కేమెరుక?" అమ్మ అంది. "మా నాయినకు చెయ్యి కాలు పడిపోతే గా పసరుతోనే లేచి నడిసిండు. నేను కండ్లార చూసిన. ఎవలో అంటే ఇన్నది చెప్తాన్నా?"

అదే నన్ను ఊపేసింది. అమ్మ అబద్ధం చెప్పదు. తాత నడవడం ఆమె నిజంగానే చూసింది. నేను చూసింది ఏమిటి? నిద్రలేని కళ్ల డాక్టరమ్మ ఒకసారి నవ్వడం. నా చేతిలో ఉన్నవి ఒక రోజు మాత్రలు, ముఖం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఒకవేళ అమ్మదే నిజమైతే? ఒకవేళ ఈ మాత్రలే నరాన్ని చంపేస్తే?

బాపుకు ఫోన్ చేశాను. బాయి నుంచి అప్పుడే బయటికొచ్చాడు. మామ అన్నదీ డాక్టర్ అన్నదీ చెప్పాను. "నాకేం సమజైతలేదు బిడ్డా. నీకేమనిపిస్తాంది?" అన్నాడు. మా బాపు నన్ను అట్లా అడగడం అదే మొదలు. ఆ మాటకు సంతోషం కలగలేదు. ఒంటరినైపోయినట్టు అనిపించింది.

"నేను రాను," అన్నాను అమ్మతో. వంకర నోటితో ఆ మాట ఎట్లా వినిపించిందో నాకు తెలుసు.

"ముఖం గిట్లనే ఉండిపోతే సదువు ఏం జేసుకుంటవే?" అని అరిచింది అమ్మ.

కింద నుంచి పెద్దమ్మ మెట్లెక్కి వచ్చింది. అమ్మ పక్కన కూర్చుంది. "చెల్లే, పిల్ల మింగిన గోళీలు కడుపుల ఉన్నయి. దాని మీద పసరు పోస్తే ఏది ఏమైతదో ఎవలకెరుక? ఈ కోర్సు అయిపోనియ్యి. తర్వాత నీ బిడ్డ, నీ ఇష్టం."

మామ అలిగి సాయంత్రం బండికి ఒక్కడే వెళ్లిపోయాడు. అమ్మ ఉండిపోయింది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడకుండానే కంట్లో చుక్కలు వేసింది, పట్టీ అంటించింది, బుధవారం ఇంటికి పోయింది. నేను ధైర్యంగా నిలబడ్డానని మా క్లాసు పిల్లలు తర్వాత అన్నారు. ధైర్యం కాదు. రెండు భయాల్లో పెద్దది ఏదో దాన్ని విన్నాను, అంతే.

తర్వాతి మూడు వారాల గురించి చెప్పడానికి ఏమీ లేదు. అదే వాటి భయం. మాత్రలు అయిపోయాయి. ముఖం కదల్లేదు. ఫిజియోథెరపీ గదిలో చెప్పినట్టు రోజూ అద్దం ముందు ఆ, ఈ, ఊ అంటూ, బుగ్గలు ఉబ్బిస్తూ, ముక్కు ముడుస్తూ కూర్చునేదాన్ని. ఎడమవైపు గోడలా ఉండేది. మాస్కు పెట్టుకుని క్లాసుకు పోయి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ఫోన్‌లో వెతకొద్దని డాక్టర్ చెప్పినా వెతికాను. పదేళ్లైనా ముఖం తిరిగిరాని ఒకామె వీడియో కనిపించింది. దాన్ని ఎన్నిసార్లు చూశానో. మధ్యలో ఒక మంచి సంగతి కూడా జరిగింది. మగ్గం చప్పుడు నా చెవి తట్టుకోలేకపోతోందని నేను ఎవరికీ చెప్పలేదు. అయినా ఎట్లా పసిగట్టిందో, పెద్దమ్మ నేను కాలేజీకి పోయిన తర్వాతే మగ్గం ఎక్కడం మొదలుపెట్టింది. నేను రాగానే దిగిపోయేది. వాళ్ల తిండి ఆ మగ్గం మీదే. అడిగితే, "నాకు గూడ నడుము పట్టేసింది లేవే," అనేది.

ఇరవై నాలుగో రోజు. మిద్దె మీద ఎండలో నా ఎడమ పక్కన కూర్చుని పెద్దమ్మ నా తల దువ్వుతోంది. ఏదో చెప్తుంటే నవ్వొచ్చింది. ఆమె దువ్వెన ఆపింది.

"మల్లొక్కసారి నవ్వు."

"ఏమైంది?"

"నవ్వుమంటాన్న గదా!"

నవ్వాను. ఆమె వేలు తెచ్చి నా ఎడమ బుగ్గ మీద, పెదవి అంచు దగ్గర పెట్టింది. "గిక్కడ. గిక్కడ అదిరింది." లోపలికి ఉరికి అద్దం చూశాను. చీమ నడిచినంత కదలిక. ఉందో లేదో అన్నంత. అద్దం మీద నా ఊపిరి ఆవిరై కమ్ముకుంటే తుడిచి తుడిచి చూశాను. అమ్మకు ఫోన్ చేసి చెప్తే ఆ చివర ఏడుపు మొదలైంది. మెట్ల మీద ఏడవనిదంతా అప్పుడు ఏడ్చింది.

అసలు సంగతి ఇంకో వారానికి బాపు చెప్పాడు. నేను రానన్న తర్వాత అమ్మ ఇంటికి పోయి, ఆ పసరు పోసేటాయన దగ్గరికి తనే వెళ్లిందట. పిల్ల రాకుంటే కన్నతల్లి తాగినా పనిచేస్తుందన్నాడట. మూడు గురువారాలు తాగింది. మూడో గురువారం వాంతులు పట్టుకుని రెండు రోజులు కంపెనీ దవాఖానలో సెలైన్ ఎక్కించారు. "నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది," అన్నాడు బాపు. నాకు కోపం వచ్చింది.  నా ముఖం కోసం అమ్మ ప్రాణం మీదికి తెచ్చుకుంది. నేను ఇక్కడ అద్దం ముందు ఆ, ఈ, ఊ అనుకుంటూ కూర్చున్నప్పుడు.

ఏ మందు పనిచేసిందని అమ్మా నేనూ ఇప్పటిదాకా మాట్లాడుకోలేదు. మాట్లాడుకోం కూడా.

కొత్త ఊరికి చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు ఒక్క మాట. గది దొరికిన వారంలోనే, ఒంట్లో బాగున్నప్పుడే, దగ్గరి దవాఖాన ఏదో చూసిపెట్టుకోండి. చీటీ ఎక్కడ రాస్తారో, ఆదివారం ఏ గేటు తెరిచి ఉంటుందో అడగండి. మీ ఇంటి కింద ఉన్నవాళ్లకు మీ బాపు నంబర్ ఇచ్చిపెట్టండి. నేను ఒక శనివారాన్ని దుప్పటి కింద పోగొట్టుకున్నాను. నాకు బాగైంది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు తొంభై పాళ్లు బాగుంది. అలసిపోతే ఎడమ కన్ను చిన్నదవుతుంది. చెవి వెనక కొంచెం నొప్పి పుట్టినా చెయ్యి తనంత తనే అద్దం కోసం పోతుంది.

సెమిస్టర్ పరీక్షల రోజు జరిగింది కూడా చెప్పాలి. పరీక్ష ఫారానికి కొత్త ఫొటో కావాలన్నారు. దానికి చివరి తేదీ సరిగ్గా ఆ మూడో వారంలో పడింది. స్టూడియోలో దిగక తప్పలేదు. ఎడమ కన్ను గుడ్లప్పగించి, మూతి కుడికి పోయి. హాల్‌టికెట్ మీద అదే వచ్చింది.

మొదటి పరీక్ష. ఇన్విజిలేటర్ బెంచీ బెంచీకి వచ్చి హాల్‌టికెట్లు చూస్తున్నాడు. నా దగ్గర ఆగాడు. ఫొటో చూశాడు, నన్ను చూశాడు. మళ్లీ ఫొటో చూశాడు.

"ఇది నువ్వేనా అమ్మా?"

"నేనే సార్."

"కలుస్తలేదు గదా."

హాలంతా నా వైపు తిరిగింది.  బయటికి పొమ్మంటాడేమో అన్న భయం కంటే, ఈ భయానికి ముఖం మళ్లీ పక్కకు పోతుందేమో అన్న భయం ఎక్కువైంది. బల్ల కింద చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"అప్పుడు ముఖం సగం పనిచెయ్యలేదు సార్. దవాఖాన కాగితాలు బ్యాగులో ఉన్నయి. బ్యాగు బయట పెట్టిన."

 హాజరు కాగితం నా ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాడు. చేశాను.  నా సంతకం ఉన్న హాల్‌టికెట్‌ను కాగితం పక్కన పెట్టి, కళ్లద్దాలు పైకి జరుపుకుని, రెండు సంతకాలనూ అక్షరం అక్షరం చూశాడు.

"కలిసింది," అన్నాడు. ప్రశ్నపత్రం నా ముందు పెట్టాడు. "టైమైతాంది. రాయి."